శ్రీశైలంలో ఒక టీఎంసీకి ఎన్ని యూనిట్లు? లెక్క కట్టే పద్ధతి

శ్రీశైలం కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రాలు 7, ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి 6. మొత్తం 1,670 మెగావాట్లు. కృష్ణా జలవిద్యుత్ చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. అది యంత్రాల సత్తా మాత్రమే. కరెంటు ఎంతొచ్చిందో తేలాలంటే ఎన్ని నీళ్లు, ఎంత ఎత్తు నుంచి పడ్డాయో చూడాలి.

ముందు ఎత్తు. శ్రీశైలం జలాశయం నిండు మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. ఇందులోంచి నది అడుగు మట్టం తీసేస్తే లెక్క తప్పుతుంది. తీసేయాల్సింది టర్బైన్ దాటాక నీళ్లు నిలిచే మట్టం. దిగువనున్న నాగార్జునసాగర్ వెనక జలాలు శ్రీశైలం ఆనకట్ట దాకా వస్తాయి కాబట్టి, సాగర్ నిండుగా 590 అడుగులుంటే తేడా 295 అడుగులు. 0.3048తో గుణిస్తే 90 మీటర్లు. సాగర్ తగ్గేకొద్దీ ఈ ఎత్తు పెరుగుతుంది, కానీ ఆనకట్ట కింద నది పారే మట్టం దాకానే.

ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని ఎత్తుతో, 9.81తో (భూమ్యాకర్షణ), 0.9తో (యంత్రాల సామర్థ్యం) గుణించి 3,600తో భాగించండి: దాదాపు 62.5 లక్షల యూనిట్లు. సాగర్ అదే 590లో ఉండి, అదే టీఎంసీ శ్రీశైలం 834 అడుగులున్నప్పుడు వదిలితే 51.6 లక్షలే. నీళ్లు అవే, 11 లక్షల యూనిట్లు గల్లంతు! రోజువారీ నివేదికల్లో క్యూసెక్కులుంటాయి (సెకనుకు ఎన్ని ఘనపుటడుగులని). 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ.

ఇక సంవత్సరాలు. శంకుస్థాపన 1963, కుడిగట్టు మొదటి యంత్రం తిరిగింది 1982లో, ఎడమగట్టుది 2001లో. 'ప్రాజెక్టు మొదలైన ఏడాది' అని ఒకే అంకె వేస్తే ఇరవై ఏళ్లు తేడా కొడుతుంది. నిల్వ కూడా అంతే: పాత కాగితాల్లో 308 టీఎంసీలు, పూడిక చేరాక ఇప్పుడు లెక్కలోకి తీసుకునేది 215.81. రెండేళ్ల ఉత్పత్తిని పోల్చేటప్పుడు 2009 అక్టోబరు వరద, 2020 ఆగస్టులో ఎడమగట్టు కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదం గుర్తుంచుకోండి. ఆ తర్వాతి నెలల్లో ఉత్పత్తి పడిపోతే వానలు లేవనుకోకూడదు.

ఎడమగట్టు యంత్రాలు వెనక్కి తిరిగి సాగర్ నీటిని పైకి తోడగలవు. అలా తోడిన నీరు మళ్లీ కిందికి దిగినప్పుడు వచ్చే యూనిట్లను నది ఇచ్చిన కరెంటులో కలపొద్దు. తోడటానికి నాలుగు యూనిట్లు ఖర్చయితే తిరిగొచ్చేవి సుమారు మూడే.