నలుగురు చిన్నపిల్లలున్న ఇంట్లో వెనకబడిన పనులను మళ్లీ దారికి తెచ్చుకోవడం

ఒకరో ఇద్దరో పిల్లలున్న ఇంట్లో ఒక వారం జ్వరాలతో గడిచిపోతే, మరుసటి వారానికి పనులు మళ్లీ గాడిన పడతాయి. ఏడేళ్లకు మించని పిల్లలు నలుగురున్న మా ఇంట్లో అలా జరగదు. పెద్దవాడి జ్వరం రెండో అమ్మాయికి, ఆమె నుంచి రెండేళ్ల కవలలకు అంటుకుని, చివరి బిడ్డ తేరుకునేసరికి నెల తిరిగిపోతుంది. ఆ నెలలో ఉతకని బట్టలు, చదవని బడి సందేశాలు, వేయించని టీకాలు, పంపని దరఖాస్తులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇలాంటి నెలలు మాకు చాలానే వచ్చాయి. వాటినుంచి బయటపడడానికి మేము అనుసరించే పద్ధతిని, ఇలాంటి ఇల్లు నడుపుతున్నవారి కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒక కాగితం, ఒక రాత్రి

పిల్లలు నిద్రపోయాక భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని, వెనకబడిన పనులన్నీ ఒకే కాగితం మీద రాయండి. అత్తగారో అమ్మగారో ఇంట్లో ఉంటే వారినీ కూర్చోబెట్టుకోవడం మంచిది, ఎందుకంటే మనం మరిచిపోయినవి వారికి గుర్తుంటాయి. రాయడం పూర్తయ్యాక ఒక్కొక్క పని పక్కన గుర్తు పెట్టండి. కొన్ని పనులకు గడువు ఉంటుంది. అది దాటితే ఖర్చో నష్టమో తప్పదు. కొన్ని ఎంత చేసినా మళ్లీ మర్నాటికి పుడతాయి. మిగిలినవి చేయకపోయినా ఎవరికీ ఏమీ కాదు; వాటిని ఆ రాత్రే కొట్టేయండి. రెండేళ్లుగా పెండింగులో ఉన్న ఫోటో ఆల్బమ్‌ను మేము అలాగే కొట్టేశాం. ఫోన్‌లోని ఫోటోలను ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి ఊరుకున్నాం.

ఇలా విడదీయడం అవసరమని అనుభవం మీద చెబుతున్నాను. కంటికి కనిపించేది బట్టల కుప్ప కాబట్టి అందరమూ దానితోనే మొదలుపెడతాం. బీరువాలో ఉన్న టీకాల కార్డు కంటికి కనిపించదు. కుప్ప తరిగేసరికి ఓపిక అయిపోతుంది, కార్డు మరో నెల అక్కడే ఉండిపోతుంది.

కాగితం మీద మిగిలిన పనులను పంచుకునేటప్పుడు, ఒక్కొక్క పనిని మొదలు నుంచి చివరి వరకు ఒకరికే అప్పగించండి. టీకాలు తండ్రి బాధ్యత అనుకుంటే, తేదీ గుర్తుంచుకోవడం, కార్డు వెతకడం, తీసుకెళ్లడం, ఆ రాత్రి జ్వరం చూసుకోవడం అన్నీ ఆయనవే. తల్లి గుర్తుచేస్తే తండ్రి తీసుకెళ్లే ఏర్పాటులో తల్లి భారం తగ్గదు. పని చేతులు మారుతుంది కానీ ఆలోచన ఆమె తలలోనే ఉండిపోతుంది.

గడువున్నవి ముందు

అన్నిటికన్నా ముందు టీకాల కార్డులు తీసి, నలుగురివీ పక్కపక్కన పరచి చూడండి. మొదటి బిడ్డ కార్డు నిండుగా ఉంటుంది, మూడో నాలుగో బిడ్డల కార్డుల్లో ఖాళీలు కనిపిస్తాయి. ప్రేమ తగ్గి కాదు, తీరిక తగ్గి అలా జరుగుతుంది. మన దేశపు సార్వత్రిక టీకాల పట్టిక ప్రకారం పుట్టగానే బీసీజీ (క్షయ రాకుండా వేసే టీకా), పోలియో చుక్కలు, హెపటైటిస్-బి ఇస్తారు. 6, 10, 14 వారాల్లో పెంటావలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఒకే టీకా), పోలియో, రోటావైరస్ (విరేచనాలు రాకుండా ఇచ్చేది) మోతాదులు ఉంటాయి. న్యుమోనియా రాకుండా కాపాడే న్యుమోకోకల్ టీకా 6, 14 వారాల్లోనూ తొమ్మిదో నెలలోనూ వేస్తారు. తట్టు, రుబెల్లా టీకా 9 నుంచి 12 నెలల మధ్య ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోసారి వేయించాలి. డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే టీకా) బూస్టర్ 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, 5 నుంచి 6 ఏళ్ల మధ్య మరొకటి. ఎక్కువమంది మరిచిపోయేది ఈ చివరిదే అని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పటికి బిడ్డ బడిలో చేరి ఉంటుంది, మన దృష్టి అంతా ఆమె తరవాతి చంటిపిల్లల మీద ఉంటుంది.

మోతాదు తప్పిపోయిందని కంగారుపడి మొదటినుంచి వేయించాల్సిన పని లేదు. ఆగిన చోటునుంచే కొనసాగిస్తారు. వేసిన మోతాదులు వృథా కావు. అయితే కొన్నిటికి వయసు హద్దు ఉంది. ప్రభుత్వ పట్టికలో బీసీజీని ఏడాది లోపు వరకే ఇస్తారు, రోటావైరస్, పెంటావలెంట్ టీకాలను ఏడాది నిండకముందే మొదలుపెట్టాలి. తట్టు, రుబెల్లా టీకాను మాత్రం ఐదేళ్ల వరకూ వేస్తారు. అందువల్ల నలుగురిలో అందరికన్నా చిన్నవారి కార్డును ముందు చూడాలి. రెండు మూడు టీకాలు ఒకే రోజు వేరువేరు చోట్ల వేయవచ్చు కనుక, వెనకబడినవాటిని ఎక్కువసార్లు తిరగకుండానే పూర్తి చేసుకోవచ్చు.

పెద్ద కుటుంబాల్లో టీకాలు వాయిదా పడడానికి అసలు కారణం జలుబు. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరి ముక్కు కారుతూనే ఉంటుంది. "తగ్గాక తీసుకెళ్దాంలే" అనుకుంటే ఆ రోజు రానే రాదు. మామూలు జలుబు, కొద్దిపాటి దగ్గు, ఒళ్లు కొంచెం వెచ్చబడడం టీకా ఆపడానికి కారణాలు కావు. బిడ్డ బాగా జబ్బుగా ఉంటే తప్ప తీసుకెళ్లండి, వేయాలో వద్దో అక్కడి నర్సు (ఏఎన్ఎం) లేదా డాక్టరు చూసి చెబుతారు. మా వైపు ఆరోగ్య ఉపకేంద్రాల్లో బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. మీ ఊళ్లో ఏ రోజో ఆశా కార్యకర్తను అడిగితే తెలుస్తుంది. అదే రోజు విటమిన్-ఎ ద్రావణం సంగతి కూడా అడగండి. తొమ్మిదో నెలనుంచి ఐదేళ్ల వరకు ఆరేసి నెలలకొకసారి, మొత్తం తొమ్మిది మోతాదులు ఇవ్వాలి. ఇది ఇంట్లో చాలామంది లెక్కలో ఉండదు. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తారు. ఏడాది నిండి రెండేళ్లలోపు ఉన్నవారికి సగం మాత్ర, ఆపైవారికి పూర్తి మాత్ర. ఒకే ఇంట్లో ఒకరు మింగి ఒకరు మానేస్తే పురుగులు మళ్లీ అంటుకునే అవకాశం ఉంటుంది కనుక, ఆ రోజు బడికి వెళ్లని వారి సంగతి ప్రత్యేకంగా చూసుకోండి.

తరవాత కాగితాలు. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. మన ఇళ్లలో చాలామంది బారసాల చేసేది కూడా 21వ రోజునే కాబట్టి, ఉయ్యాలలో వేసే రోజుకు నమోదు పని ముగిసిపోవాలని గుర్తుపెట్టుకుంటే చాలు. ఆ గడువు దాటితే 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో, ఏడాదిలోపు అధికారి అనుమతితో నమోదు చేస్తారు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, అది నిజంగా తిరుగుడు పని. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు నమోదు జరిగినా, ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉండిపోవడం చిన్నపిల్లల విషయంలో మామూలే. పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు, ఆ తరవాతైతే రుసుము కట్టాలి. 2023 అక్టోబరు 1 తరవాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీకి, స్థలానికి ఆధారం జనన ధ్రువపత్రమే కనుక, దీన్ని వాయిదా వేయవద్దు. ఆధార్ విషయంలో గుర్తుంచుకోవలసిన వయసు ఐదేళ్లు. అంతకు ముందు తీసిన కార్డులో వేలిముద్రలు, కంటిపాప గుర్తులు ఉండవు. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య వాటిని ఉచితంగా చేర్పించుకోవచ్చు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క రంగు ఫైలు పెట్టి, టీకాల కార్డు, జనన ధ్రువపత్రం, ఆధార్, నాలుగు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు అందులోనే ఉంచండి. బడి వాళ్లు అడిగిన రాత్రి బీరువా అంతా తిరగేసే బాధ ఉండదు.

మొక్కుల్లో కూడా బాకీలు ఉంటాయి. మొదటివాడి పుట్టువెంట్రుకలు ఏడాదికే తీయించి, తరవాతి వారివి అలాగే ఉంచేసిన ఇళ్లు నాకు చాలా తెలుసు, మాది కూడా అందులో ఒకటి. బేసి సంవత్సరం చూసుకోవడం మన ఆచారం కనుక, రెండో అమ్మాయికి ఐదో ఏడు, కవలలకు మూడో ఏడు కలిసొచ్చేలా ఒకే తిరుమల ప్రయాణం పెట్టుకున్నాం. కల్యాణకట్టలో తలనీలాలు ఉచితంగానే తీస్తారు. ఖర్చల్లా ప్రయాణానిదీ బసదీ. విడివిడిగా రెండుసార్లు వెళ్లే కన్నా ఇది మేలని పెద్దవారు కూడా ఒప్పుకున్నారు.

రోజూ పుట్టే పని

బట్టల విషయంలో హద్దు వాషింగ్ మెషీన్ కాదు, దండెం. నాలుగు వాయిలు ఒకేరోజు ఉతికేస్తే ఆరేయడానికి చోటు ఉండదు, వానాకాలంలో అవి ముక్కిపోయి మళ్లీ ఉతకాల్సి వస్తుంది. దండెం మీద పట్టేంతే రోజూ ఉతకండి. ముందు మర్నాటి యూనిఫారాలు, తరవాత చంటిపిల్లల గుడ్డలు, ఆ తరవాతే కుప్పలోంచి ఒక వాయి. ఇలా చేస్తే కుప్ప తరగడానికి పది రోజులు పడుతుంది కానీ తరుగుతుంది. మడతపెట్టేటప్పుడు ఈ చొక్కా ఎవరిదన్న తగవు తీరడానికి, మెడ లోపలి అంచున చెరగని మార్కరుతో చుక్కలు పెడతాం. పెద్దవాడికి ఒక చుక్క, రెండో అమ్మాయికి రెండు, కవలలకు మూడు. పెద్దవాడి టీషర్టు చెల్లెలికి వచ్చినప్పుడు పక్కన ఇంకో చుక్క చేర్చితే చాలు. ఏడేళ్లవాడు చుక్కలు లెక్కపెట్టి తానే సర్దగలడు.

వంటలో వెనకబడకుండా ఉండడానికి పిండి, పొడి రెండే ఆధారం. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన వారానికి రెండుసార్లు, ఆదివారం, బుధవారం సాయంత్రం, రుబ్బి పెట్టుకుంటే, మూడు నాలుగు రోజుల వరకు ఫ్రిజ్‌లో నిలుస్తుంది. కందిపప్పు, సెనగపప్పు, పెసరపప్పు నూనె లేకుండా దోరగా వేయించి, జీలకర్ర, ఉప్పుతో కొట్టిన కందిపొడిని పిల్లల కోసం రెండే మిరపకాయలు వేసి వేరుగా చేసుకోండి. కూర కుదరని రోజు వేడి అన్నంలో ఆ పొడీ నెయ్యీ కలిపి, పక్కన ఒక గుడ్డు ఉడకబెట్టి పెడితే అది లోటు భోజనం కాదు. జ్వరాల నెలలో రోజూ రెండు కూరలు వండాలని పట్టుబట్టవద్దు.

తలలో పేలు ఒకరికి కనబడితే నలుగురికీ ఆ సాయంత్రమే సన్నదువ్వెనతో దువ్వండి. గుడ్లనుంచి పిల్లపేలు రావడానికి వారం పది రోజులు పడుతుంది కనుక, తొమ్మిదో రోజున మళ్లీ చూడడం తప్పనిసరి.

బడి వాట్సాప్ గ్రూపుల్లోని సందేశాలను వచ్చినప్పుడల్లా చూడడం మానేసి, రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారి చదివి, తేదీ ఉన్నదాన్ని వెంటనే వంటగది గోడ మీదున్న తెలుగు నెల క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయండి. తిథి, వర్జ్యం చూడడానికి ఇంట్లో అందరూ దాని ముందుకు వస్తారు కాబట్టి, దాని మీద రాసింది ఎవరో ఒకరి కంట పడుతుంది.

పిల్లల వంతు

నేను అన్నిటికన్నా ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఇది. పనులు గాడిన పడుతున్నాయని సంతోషించిన ఒక సాయంత్రం, ఐదేళ్ల అమ్మాయి ముందుపన్ను ఎప్పుడు ఊడిందని అడిగితే, మూడు రోజులైందని చెప్పింది. ఊడిన రోజున నాకు చూపించబోయిందట. నేను తమ్ముడికి మందు పోస్తున్నానట. నలుగురి మధ్య ఉన్న పిల్లలు అడగడం తొందరగా మానేస్తారు. మాట వినిపించుకోవడంలో పడిన బాకీని ఏ జాబితాలోనూ రాయం.

దీనికి ఇంటి బయట చోటు కావాలి, ఎందుకంటే ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే మిగిలిన ముగ్గురూ వచ్చేస్తారు. ప్రతి ఆదివారం ఉదయం రైతుబజారుకు ఒక బిడ్డనే వెంటబెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాం. నాలుగు ఆదివారాలకు నాలుగు వంతులు. చిన్నవారిని చంకనెత్తుకుని, పెద్దవారిచేత కొత్తిమీర కట్ట పట్టించుకుని నడిచే ఆ ముప్పావుగంటలో ప్రశ్నలు వేయవలసిన అవసరం లేదు. ఫోన్ సంచిలో పెట్టి, వారి అడుగుకు మన అడుగు కలిపితే మాటలు వాటంతటవే వస్తాయి. బడిలో ఎవరు ఏడిపిస్తున్నారో, ఏ టీచరంటే భయమో మాకు తెలిసింది టమాటాల బండి ముందే. వంతును క్యాలెండర్‌లో ఆ ఆదివారం గడిలో బిడ్డ పేరుతో రాయండి. జ్వరం వల్లనో బంధువుల రాక వల్లనో ఒక వంతు తప్పితే, ఆ పేరును వచ్చే ఆదివారం గడిలోకి, ఆ బిడ్డ చూస్తుండగానే, మార్చి రాయండి.