ఖాళీ ఆఫీసు బిల్డింగ్‌ని కాలేజీ క్యాంపస్‌గా మార్చాలా? ముందు మెట్లు కొలవండి

మన విశాఖపట్నంలో ద్వారకానగర్‌లోనో, డాబాగార్డెన్స్‌లోనో ఖాళీ ఆఫీసు బిల్డింగ్ కనబడితే చాలామంది చదరపు అడుగులు, అద్దె లెక్కేసుకుని అడ్వాన్సు ఇచ్చేస్తారు. టేపు పట్టుకోవాల్సింది మెట్ల దగ్గర.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 లెక్కలో ఆఫీసుకి మనిషికి 10 చదరపు మీటర్లు, చదువు చెప్పే చోట 4. అంటే 600 చదరపు మీటర్ల అంతస్తులో 60 మంది ఉండేవాళ్లు కాస్తా 150 మంది అవుతారు. మెట్లకి మనిషికి 10 మిల్లీమీటర్ల చొప్పున 1.5 మీటర్ల వెడల్పు తేలుతుంది. ప్లానులో రాసిన అంకె నమ్మకండి, మెట్ల దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోట కొలవండి. 1.2 మీటర్లే వచ్చిందంటే ఆ బిల్డింగ్‌లో పై అంతస్తులన్నీ క్లాసులతో నింపడం కుదరదు. పక్క ఖాళీలో ఇనుప మెట్లు వేసేద్దాం అంటారు. వేస్తే ఫైరింజన్ తిరిగే చోటు పోతుంది.

ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి, దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. 15 మీటర్ల లోపు ఎత్తున్న ఆఫీసుకి అది అక్కర్లేకపోయి ఉండొచ్చు. విద్యాసంస్థ అయితే ఎత్తు 6 మీటర్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లున్నా కావాల్సిందే. జీవీఎంసీలో (నగరపాలక సంస్థ) వినియోగ మార్పుకి, ఫైర్‌కి ఒకే ప్లాను సెట్టు పెట్టండి. రెంటిలో తేడా ఉంటే ఫైలు వెనక్కొస్తుంది. అనుబంధం ఇచ్చే యూనివర్సిటీ అద్దె బిల్డింగ్‌ని ఒప్పుకుంటుందో లేదో కూడా ముందే రాతపూర్వకంగా తెచ్చుకోండి.

తర్వాత స్లాబు. ఆఫీసు స్లాబుని చాలాచోట్ల చదరపు మీటరుకి 250 కిలోల బరువుకే డిజైన్ చేస్తారు. క్లాసుకి 300, కారిడార్‌కి 400, పుస్తకాల బీరువాలుండే లైబ్రరీకి 600 కావాలి. లైబ్రరీని గ్రౌండ్ ఫ్లోర్‌లో పెడితే ఈ తలనొప్పే ఉండదు. క్లాసులకి స్ట్రక్చరల్ ఇంజనీరు చెకింగ్ తప్పదు.

మన ఊళ్లో అసలు శత్రువు ఉప్పుగాలి. టాయిలెట్ల కింది సీలింగు, ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు, సముద్రం వైపు సన్‌షేడ్లు చూడండి. గోధుమరంగు చారలు, కొడితే డొల్లగా మోగే చోట్లు ఉంటే లోపల రాడ్డు తుప్పు పట్టి ఉబ్బుతున్నట్టే. కొత్తగా రంగు వేసి చూపిస్తే అనుమానం ఇంకా పెరగాలి. హాఫ్‌సెల్ టెస్టులో (వోల్టేజీ కొలిచి రాడ్డు తుప్పుని అంచనా వేసే పరీక్ష) మైనస్ 350 మిల్లీవోల్టులు దాటితే తుప్పు దాదాపు ఖాయం. కనీసం మూడు కోర్లు, అంటే కాంక్రీటులోంచి గుండ్రంగా కోసే ముక్కలు, తీయించి బలం పరీక్షించండి. సగటు బలం డిజైన్ గ్రేడులో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ముఖద్వారం గాజుదైతే ఫ్రేము బిగింపులు విప్పి చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గాజు బిల్డింగుల గతేమిటో ఊరంతా చూసింది.

ఆఫీసుకి సరిపోయిన టాయిలెట్లు 150 మందికి చాలవు. కొత్తవి పాత షాఫ్టుకి, అంటే పైపులు కిందికి దిగే గూడుకి, ఆనుకునే కట్టండి. షాఫ్టు నుంచి 6 మీటర్లు దూరం జరిపారనుకోండి, 50కి 1 వాలు అంటే 12 సెంటీమీటర్లు, పైపు వ్యాసం 11, మొత్తం 23 సెంటీమీటర్లు ఫ్లోరు లేపాలి. వీల్‌చైర్ అక్కడికి ఎక్కాలంటే 12కి 1 వాలుతో దాదాపు 2.8 మీటర్ల ర్యాంపు కావాలి. పైపుని స్లాబు కింద వేలాడదీస్తే లీకు నేరుగా కింది క్లాసులోకే. ఇంకో హెచ్చరిక: పోస్ట్‌టెన్షన్ స్లాబు (లోపల స్టీలు కేబుళ్లు లాగి బిగించినది) అయితే స్కానింగ్ చేయకుండా డ్రిల్లు పెట్టనివ్వకండి. ఒక్క కేబుల్ తెగినా స్లాబు బలం దెబ్బతింటుంది.

గ్రౌండ్ ఫ్లోర్‌లో జిరాక్సు షాపు, క్యాంటీన్, బ్యాంకు పెట్టుకోవచ్చు. వాటికి దారి వేరు, ఏపీఈపీడీసీఎల్ కరెంటు మీటరు వేరు ఉండాలి. మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు పెట్టడం మాత్రం ఒప్పుకోకండి. సెల్లారులో క్లాసులు వద్దు, అది పార్కింగుకే.

చివరికి మిగిలేది లిఫ్టు. 13 మంది పట్టే లిఫ్టు రౌండుకి రెండు నిమిషాలు తీసుకుంటే, ఐదో అంతస్తులో 150 మందిని దింపడానికి 24 నిమిషాలు. అందుకే పెద్ద క్లాసులు మొదటి, రెండో అంతస్తుల్లో, స్టాఫ్ రూములు, రీసెర్చి గదులు పైన పెట్టండి. బెల్లు కూడా అంతస్తుకో పది నిమిషాల తేడాతో కొట్టించండి.