గాజువాక నుంచి భీమిలికి, ఫోన్ లేకుండా

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. మధ్యాహ్నం కాసేపు గాలి ఆగితే, ఇక అయిపోయిందనుకుని మా వీధిలో సగం మంది బయటికొచ్చి ఎగిరిపోయిన రేకులు ఏరుకోవడం మొదలుపెట్టారు. అది తుపాను కన్ను అని మాలో ఎవరికీ తెలీదు. కాసేపటికి గాలి దిక్కు మార్చుకుని మళ్లీ విరుచుకుపడింది. సాయంత్రానికి కరెంటు లేదు, ఏ కంపెనీ ఫోనుకీ సిగ్నల్ లేదు. అమ్మ భీమిలిలో మా చెల్లెలి దగ్గర ఉంది. నేను గాజువాకలో. మధ్య దూరం నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. మూడో రోజు పడిపోయిన చెట్ల మధ్య బండి తోసుకుంటూ వెళ్లి చూస్తే, అమ్మ గుమ్మంలో కూర్చుని తడిసిన చింతపండు ఆరబెడుతోంది. "నీకేమైందో అని రెండ్రాత్రులు నిద్రపోలేదురా" అంది. నాదీ అదే కథ.

నాది జిరాక్స్ కొట్టు. ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాణ్ణి కాదు. అయినా హ్యామ్ రేడియో, అంటే ఫోన్ టవర్లతో పని లేకుండా సొంత సెట్టుతో మాట్లాడుకునే అభిరుచి రేడియో, నేర్చుకుని పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. ఏ వరసలో నేర్చుకుంటే తొందరగా పనికొస్తుందో, నేను ఎక్కడ బోల్తా పడ్డానో చెప్తాను.

మొదటి బోల్తా సెట్టు ముందు కొనాలనుకోవడం. వద్దు. మన దేశంలో హ్యామ్ సెట్టు దగ్గర పెట్టుకోవాలన్నా, దాంట్లో మాట్లాడాలన్నా లైసెన్సు ఉండాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాకీటాకీలు చాలావరకు పోలీసుల ఫ్రీక్వెన్సీల దాకా ఎక్కడైనా మాట్లాడేస్తాయి. పొరపాటున బటన్ నొక్కితే చిక్కుల్లో పడేది మనమే. ఇలాంటి సెట్లను వివరాలు చెప్పకుండా అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ ఆన్‌లైన్ అమ్మకందార్లకు నోటీసులు కూడా ఇచ్చింది. లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోదగ్గవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న సెట్లు. అపార్ట్‌మెంటులో కింద వాచ్‌మన్‌కీ పైన మీకూ మధ్య, వీధిలో ఈ చివరకీ ఆ చివరకీ అవి చాలు. భీమిలికి మాత్రం చాలవు.

కాబట్టి పరీక్ష. పన్నెండేళ్లు నిండితే ఎవరైనా రాయొచ్చు. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం చూసుకుంటుంది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. రెండు గ్రేడ్లున్నాయి. రిస్ట్రిక్టెడ్‌కు మోర్స్ కోడ్ (పొట్టి, పొడుగు శబ్దాలతో అక్షరాలు పంపే పద్ధతి) అక్కర్లేదు, జనరల్‌కు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ రావాలి. మొదట రిస్ట్రిక్టెడ్ రాయండి. ఓమ్ నియమం, బ్యాటరీలు, యాంటెన్నా, తరంగదైర్ఘ్యం లాంటి పదో తరగతి ఫిజిక్స్ సగం, రూల్స్ సగం. రూల్స్‌ను తేలిగ్గా తీసుకోకండి. హ్యామ్ బ్యాండ్లలో, అంటే హ్యామ్ రేడియోకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో, వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వెయ్యకూడదు, రహస్య భాష వాడకూడదు, మామూలు రోజుల్లో ఇతరుల కబుర్లు మోసిపెట్టకూడదు. ఫీజులు, ఫారాలు మారుతుంటాయి గనక పాత వీడియోలను నమ్మకుండా పోర్టల్‌లోనే చూసుకోండి.

నేను ఒక్కణ్ణే లైసెన్సు తెచ్చుకుంటే లాభమేంటి? అవతల మాట్లాడేవాళ్లుండాలిగా. భీమిలిలో ఉండే మా మేనకోడలు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. "మావయ్యా, ఇది మా ఫిజిక్సే కదా" అని నాతోపాటు దరఖాస్తు పెట్టింది, నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. మీరూ అవతలి ఊళ్లో ఒకరిని చూసుకుని జంటగా మొదలుపెట్టండి. పాసయ్యాక లైసెన్సు చేతికి రావడానికి మాకు నెలలు పట్టింది. ఆ నెలల్లోనే అసలు చదువు జరిగింది.

ఆ చదువు వినడం. సెట్టు లేకపోయినా నెట్‌లో వినొచ్చు. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన వెబ్ ఎస్‌డీఆర్ అనే, నెట్ ద్వారా నడిపే రేడియో రిసీవర్‌ను మన ఫోన్‌లో తెరిచి తిప్పుకోవచ్చు. భాష అర్థం కాకపోయినా ఫర్వాలేదు. గురగురలో మాట ఏరుకోవడం, కాల్ సైన్ (లైసెన్సుతో ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు పేరు) పట్టుకుని కాగితం మీద రాసుకోవడం చెవికి అలవాటు కావాలి. రోజూ ఇరవై నిమిషాలు చాలు. తర్వాత దగ్గర్లో ఉన్న హ్యామ్ (లైసెన్సున్న రేడియో మనిషి) ఇంటికి వెళ్లి పక్కన కూర్చోండి. నేనైతే ఒక పెద్దాయన ఇంటికి ఆదివారాలు మిరపకాయ బజ్జీలు పట్టుకెళ్లేవాణ్ణి. పుస్తకంలో నెల పట్టేది అక్కడ గంటలో అర్థమయ్యేది.

ఇక మాట్లాడటం. బటన్ నొక్కి, ఒక క్షణం ఆగి, అప్పుడు మాట్లాడాలి. నొక్కుతూనే మొదలుపెడితే మొదటి అక్షరం తెగిపోతుంది. మైకు నోటికి జానెడులోపు ఉండాలి, అరవక్కర్లేదు. అవతలివాళ్ల కాల్ సైన్ ముందు, మనది తర్వాత. మన కాల్ సైన్లు వీయూతో మొదలవుతాయి, రిస్ట్రిక్టెడ్ వాళ్లవి వీయూ3. దాన్ని "విక్టర్ యూనిఫామ్ త్రీ" అని విడమరిచి చెప్పాలి. చెప్పడం అయ్యాక "ఓవర్" అని బటన్ వదిలేయాలి, వదలకపోతే అవతలివాళ్లు ఏం చెప్పినా మనకు వినపడదు. ఇది తెలిసిందేగా అనుకుంటారు. టెన్షన్‌లో అందరూ మర్చిపోయేది ఇదే.

తెలుగులో మాట్లాడేటప్పుడు మనకు వేరే తిప్పలున్నాయి. గురగురలో "మూడు", "ఏడు" ఒకేలా వినిపిస్తాయి. "ఇరవై", "అరవై" అంతే. "డెబ్భై", "తొంభై" మరీనూ. అందుకే మేం అంకెలను త్రీ, సెవెన్ అని ఒక్కొక్కటిగా ఇంగ్లిష్‌లో చెప్తాం. అరవై మంది అనం, "సిక్స్, జీరో మంది" అంటాం. ఊరి పేర్లు ఇంకో గండం. మా వైపు అడుగడుగునా ఒక పాలెం, ఒక పేట, ఒక వలస. అన్నవరం అనగానే అందరికీ సత్యదేవుడి కొండ గుర్తొస్తుంది, కానీ భీమిలి పక్కన ఒక అన్నవరం ఉంది. ఒక డ్రిల్లులో మా మేనకోడలు "అన్నవరంలో రోడ్డు తెగింది" అంటే, విన్న మిత్రుడు తుని వైపు రోడ్డు అని రాసుకున్నాడు. డ్రిల్లు గనక నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి ఊరితోపాటు మండలం కూడా చెప్పి తీరాలని నియమం పెట్టుకున్నాం.

రాసే పద్ధతికి నా కొట్టు పనికొచ్చింది. ఏ4 కాగితాన్ని రెండుగా కోసి ఫారాలు వేసుకున్నాను. సందేశం నంబరు, ఎంత అర్జెంటు, ఎవరి నుంచి, ఎవరికి, టైము, చోటు, విషయం, చివర్లో మాటల లెక్క. పంపేవాళ్లు చేత్తో రాసే వేగంతోనే చదవాలి. విన్నవాళ్లు మొత్తం తిరిగి చదవాలి, మాటల లెక్క సరిపోవాలి. విషయం పదిహేను మాటలు దాటకూడదు. "ఇక్కడ చాలా ఘోరంగా ఉంది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "వాటర్ ట్యాంకు దగ్గర పిల్లలు నలుగురు, ఇద్దరికి జ్వరం, మంచినీళ్లు లేవు" అంటే పని జరుగుతుంది. నిజం విపత్తులో జనం సందేశాలు మోయాల్సి వస్తే అది జిల్లా అధికారుల ఏర్పాటులో భాగంగానే జరగాలి, మన ఇష్టానికి కాదు. అందుకే తుపాను లేని రోజుల్లోనే వెళ్లి పరిచయం చేసుకోవాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో హ్యామ్ స్టేషన్ నడుపుతున్న భారతి ప్రసాద్ అక్కడి కబురు ప్రధాన భూభాగానికి అందించగలిగారంటే, అనుమతి, పరికరాలు, అలవాటు మూడూ ఆవిడ చేతిలో ముందే ఉన్నాయి.

సెట్టు విషయం. లైసెన్సు వచ్చాక 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చేతి సెట్టు చాలు, అయిదు వాట్లది. దీన్నే రెండు మీటర్ల బ్యాండ్ అంటారు. పెట్టె మీద రాసిన కిలోమీటర్లు నమ్మకండి. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే వెళ్తాయి. లెక్క తేలిక. మీరున్న ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి నాలుగుతో గుణించండి. పదహారు మీటర్ల డాబా అయితే పదహారు కిలోమీటర్లు. నేల మీద నిలబడ్డ మనిషికి అయిదే. ఇద్దరివీ కలిపితే ఎంతో అంత, అదీ మధ్యలో కొండ లేకపోతే. విశాఖలో కొండ లేనిదెక్కడ? వీధిలో నిలబడి నేను ఎంత పిలిచినా భీమిలికి వినపడలేదు. మధ్యలో ఎత్తు మీద ఇల్లున్న ఒక హ్యామ్ మిత్రుణ్ణి కలుపుకుంటేనే మాట అటూ ఇటూ దాటింది. రిపీటర్ (ఎత్తు మీద ఉండి, విన్న మాటను మళ్లీ పంపే యంత్రం) ఉంటే ఆ పని అదే చేస్తుంది, కానీ కరెంటు పోయాక దాని బ్యాటరీ ఎన్ని గంటలుంటుందో మన చేతిలో లేదు. ఏ జంక్షన్ నుంచి ఎవరు వినిపించారో నోట్‌బుక్‌లో రాసుకుంటూ నెల్లాళ్లు తిరగండి. ఆ నోట్‌బుక్ మీ ఊరికి మీరు గీసుకున్న పటం.

సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా మార్చితే పెద్ద తేడా వస్తుంది. ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎస్‌ఓ-239 అనే సాకెట్ ఒకటి, మందపాటి రాగి తీగ రెండున్నర మీటర్ల పైచిలుకు. మధ్య పిన్నుకు 49 సెంటీమీటర్ల తీగ నిలువుగా టంకం పెట్టండి. సాకెట్ నాలుగు మూలల చిల్లులకు 52 సెంటీమీటర్ల తీగలు నాలుగు బిగించి, గొడుగు పుల్లల్లా కిందికి 45 డిగ్రీలు వంచండి. పీవీసీ పైపు చివర నిలబెట్టి డాబా మీద పెట్టండి. కిందికి తెచ్చే వైరు ఆర్‌జీ-58 లాంటి 50 ఓమ్‌లది కావాలి. ఇంట్లో పడున్న కేబుల్ టీవీ వైరు 75 ఓమ్‌లది, అది వద్దు. మాట్లాడే ముందు ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో (యాంటెన్నా సెట్టుకు ఎంత బాగా కుదిరిందో చూపేది) చూసుకోండి, రెండు లోపు వస్తే మంచిదే. ఎక్కువొస్తే నిలువు తీగను కొంచెం కొంచెంగా కత్తిరించాలి. నేను మొదటిసారి ఒకేసారి మూడు సెంటీమీటర్లు కోసేసి తీగ మళ్లీ కొనుక్కున్నాను.

హైదరాబాద్ లాంటి దూరాలకు ఇది కాదు, 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కావాలి. పదేసి మీటర్ల తీగలు రెండు, మధ్యలో వైరు, దండెంలా నాలుగు మీటర్ల ఎత్తున కట్టడమే. అంత కిందుగా కడితే తరంగం నిట్టనిలువుగా పైకెళ్లి మూడు నాలుగొందల కిలోమీటర్ల చుట్టూ వానలా కిందికి దిగుతుంది, కొండలు అడ్డు రావు. ఇంకొంచెం దూరం కూడా పగలు బాగానే నడుస్తుంది. మన ప్రాంతంలో అత్యవసరానికి 7.110 మెగాహెర్ట్జ్‌ను గుర్తుపెట్టుకోండి. ఆ సెట్టు ఖరీదెక్కువ, మా బృందంలో ఒకరికే ఉంది. ఒక్కటి చాలు.

తుపాను హెచ్చరిక వచ్చిందంటే మొదటి పని యాంటెన్నా దించేయడం. గాలిలో అది ఈటె అవుతుంది. ఉరుములున్నా వైరు పీకి బయట పడేయాలి. గాలి మధ్యలో ఆగినా డాబా ఎక్కకండి, హుద్‌హుద్ నాకు నేర్పింది అదే. పూర్తిగా తగ్గాక మళ్లీ కట్టుకోవచ్చు. సెట్టు, విడి బ్యాటరీ రెండు, ఫారాలు, పెన్సిళ్లు, లైసెన్సు కాపీ అన్నీ బియ్యం సంచి లాంటి మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. పెన్నులు తడిస్తే రాయవు, పెన్సిళ్లే మేలు. ఒక మామూలు ట్రాన్సిస్టర్ కూడా ఉండాలి, మా వైపు ఆకాశవాణి విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది.

బ్యాటరీ తినేది వినడం కాదు, మాట్లాడటం. ఒక వాటుతో పని జరిగితే అయిదు వాడకండి. రోజంతా సెట్టు ఆన్ చేసి ఉంచకండి. మేం ఉదయం ఏడు, పది, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం నాలుగు, ఏడు అని పెట్టుకున్నాం. ఆ టైముకు అయిదు నిమిషాలు వింటాం, పిలుస్తాం, ఆపేస్తాం. టైము, ఫ్రీక్వెన్సీ, అది పనిచేయకపోతే రెండో ఫ్రీక్వెన్సీ రాసిన చీటీ రెండిళ్లలోనూ బీరువా తలుపుకు అంటించి ఉంది.

నెలలో మొదటి ఆదివారం ఏడింటికి డ్రిల్లు. మెయిన్ ఆఫ్ చేసి, ఫోన్లు పక్కన పడేసి, బ్యాటరీ మీదే. పోయిన నెల నా విడి బ్యాటరీ చచ్చిపోయి ఉంది, ఛార్జింగ్ పెట్టి ఎన్నాళ్లయిందో చూసుకోలేదు. పదింటి పిలుపుకే అందుకోగలిగాను. "ఏడింటికి నువ్వు రాలేదు మావయ్యా, అమ్మమ్మ నన్ను బండి తీయమంటోంది, ఓవర్" అంది మా మేనకోడలు. ఇప్పుడు బ్యాటరీల మీద ఛార్జింగ్ పెట్టిన తేదీ రాసి అంటిస్తున్నాను.