ఎండలు ముదరకముందే ట్యాంకు, పైపులు మారుస్తున్నారా? అనంతపురం వాళ్లకు కొన్ని జాగ్రత్తలు

వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే టన్ను బరువు. స్లాబు నడిమధ్యలో వద్దు, కింద బీములు, పిల్లర్లు ఉన్నచోటే దిమ్మె కట్టించండి. స్లాబు పగుళ్లిచ్చాక చేసేదేమీ ఉండదు.

మున్సిపల్ కొళాయికి నేరుగా మోటారు బిగించొద్దు. లైను ఎక్కడైనా పగిలి ఉంటే మురుగునీళ్లను లోపలికి లాగుతుంది. సంపులో పట్టుకుని పైకి ఎక్కించండి.

బోరు నీళ్లు తాగేవాళ్లు ముందు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. మన జిల్లాకు ఇది పాత బెడదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరుతోనూ పని జరగదు, ఆర్‌ఓ లాంటి ఫ్లోరైడ్‌ తీసే ఫిల్టరు కావాల్సిందే.

ట్యాంకు కింద వాల్వు పక్కనే యూనియన్ (విప్పి మళ్లీ బిగించుకునే పైపు జాయింటు) పెట్టించండి. ఉప్పు పేరుకుంటే పైపు కోయకుండా విప్పుకోవచ్చు. ప్లంబరు అక్కర్లేదంటాడు, వినొద్దు.