కాలిన కలుపు గింజలతో పాతకాలపు సేద్యాన్ని చదవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలో పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండెక్కి కింద పారే వంశధారను చూస్తుంటే ఒక ప్రశ్న వస్తుంది. ఆ స్తూపాల రోజుల్లో ఇక్కడ ఏం పండించేవారు, ఎలా పండించేవారు? ఏం పండిందో పంట గింజే చెబుతుంది. ఎలా పండిందో తెలియాలంటే కలుపు గింజను అడగాలి. అది ఎవరూ వేయకుండా మొలిచింది కాబట్టి నేల తడినీ, కోసిన తీరునీ దాచదు.

రక్షిత కట్టడాల దగ్గర మాత్రం పార పెట్టకండి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం అక్కడ తవ్వాలంటే లైసెన్సు కావాలి. నేర్చుకోవడానికి మీ పాడుబడ్డ పెరటిపొయ్యి దగ్గరి మన్ను చాలు.

ముందు కళ్లానికి వెళ్లండి. తూర్పారబట్టినప్పుడు ఎగిరిన పొల్లు, జల్లెడ కింద పడ్డది, చేటలో ఏరి పారేసినది మూడు పొట్లాలు కట్టి, పంట పేరు, పల్లమో మెట్టో రాసుకోండి. ప్రతి దాంట్లోంచి కొన్ని గింజలు తీసి మట్టి ముంతలో ఇసుక కింద కప్పి, మూతపెట్టి, సన్నని సెగ మీద కొన్ని గంటలు ఉంచండి. గాలి తగిలితే బూడిదే మిగులుతుంది. మన వానలకు మామూలు గింజ కుళ్లిపోతుంది, ఇలా బొగ్గయినదే వేల ఏళ్లు నిలుస్తుంది. పోల్చి చూసుకోవడానికి ఇవే మీ నమూనాలు.

ఇక పొయ్యి దగ్గరి మన్ను. పది లీటర్లు కొలిచి బకెట్ నీళ్లలో పోసి చేత్తో మెల్లగా కలపండి. తేలినదాన్ని పల్చటి గుడ్డలోకి వంచి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే బొగ్గు పగులుతుంది. తర్వాత పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద ఏరండి. నాకు మొదటిసారే నల్లటి తోటకూర గింజలు బోలెడు తేలాయి. ఎంత సంబరపడ్డానో! సూదితో నొక్కితే లోపలంతా తెల్లగా ఉంది. చీమలు మోసుకొచ్చిన నిరుటి గింజలవి. లోపల కూడా బొగ్గయినదే లెక్కలోకి తీసుకోండి.

గింజలు చేతికి రాగానే పొలం గురించి తేల్చేయాలనిపిస్తుంది. ఆగండి. ధాన్యం శుభ్రం చేసే ఏ దశలో ఇవి పొయ్యిలో పడ్డాయో ముందు చూడాలి. గ్రీసులోని అమోర్గోస్ దీవిలో, తవ్వకాల్లో దొరికే గింజలను చదివే శాస్త్రవేత్త గ్లినిస్ జోన్స్ కళ్లాల్లోనే కూర్చుని ఈ పని చేసి, 1984లో ప్రచురించింది. గింజ సైజు, బరువు, గాలికి ఎగిరే గుణం బట్టి ఏ కలుపు ఏ దశలో విడిపోతుందో చెప్పొచ్చని చూపింది. మన చేటలోనూ అంతే. సన్న గింజలు జల్లెడలోంచి జారిపోతాయి, ధాన్యమంత ఉన్నవి చివరిదాకా ఉండి వేళ్లకు దొరుకుతాయి. కాబట్టి సన్న కలుపు ఎక్కువగా ఉంటే అది జల్లెడ కింది చెత్త కావచ్చు. ధాన్యమంత కలుపే ఉంటే వంటకు ముందు ఏరి పారేసినది కావచ్చు.

ఆ తర్వాతే పొలం. ఊద, గుంటగలగర కలిసి కనిపిస్తే తడి నేల అనుకోవచ్చు. పల్లేరు కనిపిస్తే మెట్ట. తుంగతో జాగ్రత్త. మూడు పలకల తుంగ గింజ చూడగానే వరిమడి అనేస్తారు గానీ, మెట్టలో పెరిగే తుంగలూ ఉన్నాయి. ఒక్క గింజతో కాదు, గుంపుతో తేల్చాలి. నేలబారు కలుపు గింజలు ఉంటే పంటను నేలకు దగ్గరగా కోశారనుకోవచ్చు. చోళ్లలా వెన్నులు మాత్రమే కోసుకుంటే అవి పెద్దగా రావు, పంటకు చుట్టుకున్న తీగల గింజలే వస్తాయి.

పిడకల పొయ్యి అయితే మరో చిక్కుంది. ఆ గింజలు చేనివి కాకుండా ఆవు గట్టు మీద మేసినవి కావచ్చు. పిడక ముక్క కనబడితే నేను ఆ పొట్లం మీద ‘పేడ’ అని రాసి విడిగా పెట్టేస్తాను.