రాతి అచ్చులో చతురస్రాలు, వృత్తాలు: లోపం ఎక్కడ పుడుతుంది, ఎలా సరిచేయాలి

రాతి మీద జిడ్డు పదార్థంతో బొమ్మ వేసి, రాయిని తడిపి, జిడ్డు ఉన్న చోటే సిరా పట్టేలా చేసి తీసే అచ్చు లితోగ్రాఫ్. గీరలు, మరకలతో నిండిన లితోగ్రాఫ్‌లో చిన్న లోపం బొమ్మలో కలిసిపోతుంది. చతురస్రం, వృత్తం, నిండు రంగు తప్ప మరేమీ లేని అచ్చులో అది దాగదు. అంచు అర మిల్లీమీటరు జరిగినా కంట్లో పడుతుంది. ప్రూఫ్ (పరీక్ష అచ్చు) చెడగానే చాలామంది సిరా డబ్బా మూత తీస్తారు. నిజానికి తప్పు చాలాసార్లు అంతకు ముందే, రాయి నూరేటప్పుడో కాగితం సిద్ధం చేసేటప్పుడో జరిగి ఉంటుంది.

రెండు రంగుల మధ్య తెల్ల సందు

సందు షీటంతా ఒకే వెడల్పులో ఉంటే కాగితం రాతి మీది అమరిక గుర్తులతో సరిగా కలవలేదు. ఒక పక్కకు పోయేకొద్దీ పెరుగుతుంటే కాగితం సాగింది. రెండింటికీ మందు వేరు.

గుర్తుల తప్పయితే: రాయికి ఒక చివర టీ ఆకారపు గుర్తు, ఎదుటి చివర చిన్న గీత గీయండి. కాగితం వెనుక అవే గుర్తులు సన్నని పెన్సిల్‌తో వేసి, రెండు చివరలూ కలిశాకే షీటు వదలండి. కాగితం సాగుతుంటే: మొదటి రంగుకు ముందే ఖాళీ షీట్లను అసలు ఒత్తిడితో, అదే దిశలో రెండు మూడు సార్లు ప్రెస్సులో నడపండి. సాగాల్సింది అప్పుడే సాగిపోతుంది. రాయి మీద నీటి పొర పల్చగా ఉంచండి.

వీటితో పాటు లేత రంగు ఆకారాన్ని ముదురు రంగు కిందికి అర మిల్లీమీటరు చొప్పించడం మంచి అలవాటు. పైరంగు పారదర్శకమైతే మాత్రం ఆ అతుకు మూడో రంగు గీతలా కనబడుతుంది. అక్కడ కొలత కచ్చితంగా ఉండాల్సిందే.

నిండు రంగులో ఉప్పు చల్లినట్టు చుక్కలు

వరసగా మూడు షీట్లు పక్కపక్కన పెట్టి చూడండి. చుక్కలు అవే చోట్ల ఉంటే లోపం రాతిది. చోటు మారుతుంటే కాగితం గరుకుదనం, తక్కువ ఒత్తిడి, చాలని సిరా, ఈ మూడింటిలో ఒకటి.

నిండు రంగుకు రాయిని 220 నంబరు కార్బోరండం (రాయి నూరే గరుకు పొడి; నంబరు పెరిగేకొద్దీ సన్నం)తో ముగించాలి. 100 దగ్గర ఆపితే గుంటల్లో సిరా అందదు. ఇప్పటికే బొమ్మ వేసిన రాయి అయితే పలుచని ఎసిటిక్ యాసిడ్‌తో కడిగి, మళ్లీ జిడ్డు పట్టే స్థితికి తెచ్చి, ఖాళీల్లో చిక్కటి టుష్ (బొమ్మ వేసే జిడ్డు సిరా) నింపి, మళ్లీ ఎచ్ చేయాలి, అంటే బంక, యాసిడ్ ద్రావణం పూసి బొమ్మను రాతిలో స్థిరపరచాలి.

పెద్ద చతురస్రంలో అడ్డంగా పట్టీ

రోలర్ ఒక చుట్టు తిరిగాక దాని మీది సిరా పల్చబడుతుంది. ఆ చుట్టు ఆగిన చోటే పట్టీ పడుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రోలర్ చుట్టుకొలత దాదాపు 31 సెంటీమీటర్లు. 40 సెంటీమీటర్ల చతురస్రానికి అది చాలదు, కనీసం 13 సెంటీమీటర్ల వ్యాసం కావాలి. అంత రోలర్ లేకపోతే సిరా పల్చగా తీసుకుని, దిశలు మారుస్తూ ఎక్కువసార్లు దొర్లించండి.

అంచు మసక, మూలలు గుండ్రం

సిరా మెత్తగా ఉంటే మెగ్నీషియం కార్బొనేట్ పొడి చిటికెడు చొప్పున కలిపి బిగించండి. అప్పటికీ అంచు పాకుతుంటే ఎచ్ బలహీనం. నిండు టుష్ ఉన్న బూడిదరంగు రాతికి 30 మిల్లీలీటర్ల తుమ్మబంక ద్రావణంలో సుమారు 10 చుక్కల నైట్రిక్ యాసిడ్‌తో మొదలుపెట్టి, ఒక మూల పరీక్షించి చూడండి. పసుపు రాయి మెత్తన, యాసిడ్ తక్కువ చాలు. చేతులకు తొడుగులు, గదిలో గాలి తప్పనిసరి. అల్యూమినియం ప్లేటుకు ఈ నైట్రిక్ లెక్క పనికిరాదు.

అసలు కత్తిలాంటి అంచు కావాలంటే బొమ్మకు ముందే చతురస్రం బయటి గీతను రూలింగ్ పెన్ను (సమాన మందంలో గీతలు గీసే పెన్ను)తో తుమ్మబంక పోసి గీసి, ఆరనిచ్చి, లోపల టుష్ నింపాలి. బంక ఉన్న చోటికి జిడ్డు చేరదు.

కూర్పు ఒరిగినట్టు అనిపించడం

రాతి మీద వేసింది అచ్చులో ఎడమకుడిలా తిరగబడుతుంది. రష్యన్ చిత్రకారుడు ఎల్ లిసిట్‌స్కీ 1923లో హానోవర్‌లో అచ్చు వేయించినలాంటి ఏటవాలు కూర్పుల్లో ఈ మార్పు బొమ్మ బరువునే మార్చేస్తుంది. గీసేటప్పుడే అద్దంలో చూసుకోండి.

ఒకే సిరా రెండు చోట్ల రెండు రంగులుగా

ఇది చాలావరకు లోపమే కాదు. చతురస్రాలతో రంగులను పరిశీలించిన చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1966లో లాస్ ఏంజెలెస్‌లోని జెమిని జి.ఇ.ఎల్. వర్క్‌షాపులో చేసిన తెల్ల గీత చతురస్రాల్లో గీతకు ఇరుపక్కలా ఉన్నది ఒకే రంగు, కంటికి మాత్రం రెండు ఛాయలు. బూడిదరంగు అట్టకు రెండు చిల్లులు పెట్టి ఆ రెండు చోట్ల మీద ఉంచి చూడండి. చిల్లుల్లో రంగు ఒకటే అయితే సిరా ముట్టుకోకండి, పక్కనున్న రంగును మార్చండి. వేరుగా కనిపిస్తే అప్పుడు కింద ఎండిన పొరను, సిరా మందాన్ని చూడాలి.