బెజవాడ ఎండకి కరగని లిప్ బామ్, తేనెమైనం లేకుండా

మే నెలలో బండి డిక్కీలో పెట్టిన లిప్ బామ్ సాయంత్రానికి నూనెలా అయిపోతోందంటే అందులో మైనం తక్కువ, కొబ్బరి నూనె ఎక్కువ అయ్యుండొచ్చు. కొబ్బరి నూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది, మన ఎండ ఏమో 45 దాకా పోతుంది, ఇంక అది గట్టిగా ఎలా ఉంటుంది చెప్పండి.

తేనెమైనం వద్దనుకునేవాళ్ళకి మొక్కల మైనాలు మూడు తెలిస్తే చాలు. కాండెలిల్లా మెక్సికో ఎడారి పొద నుంచి తీస్తారు, 70 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కార్నాబా బ్రెజిల్‌లో తాటి జాతి చెట్టు ఆకుల మీద ఉండేది, 82 దాటితే గానీ కరగదు, మంచి మెరుపు ఇస్తుంది, ఎక్కువైతే మాత్రం బామ్ పెళుసుగా తయారయి పెదాల మీద జారదు. మూడోది రైస్ బ్రాన్ వ్యాక్స్, తవుడు నూనెని శుద్ధి చేసేటప్పుడు వేరయ్యే మైనం, ఇదీ 80కి అటూఇటూగా కరుగుతుంది. వరి పండే ఊళ్ళ మధ్య ఉన్నాం కదా, నాకైతే దీని మీదే ఇష్టం ఎక్కువ.

ముఖ్యమైన సంగతి, కాండెలిల్లా తేనెమైనం కన్నా చాలా గట్టిది, అందుకే తేనెమైనం కొలతలో సుమారు సగం వేస్తే చాలు. అంతకంతా వేస్తే కొవ్వొత్తిలా అయిపోతుంది.

30 గ్రాములకి లెక్క: కాండెలిల్లా 4.5 గ్రాములు, రైస్ బ్రాన్ వ్యాక్స్ 1 గ్రాము, కోకో బటర్ 6, ఆముదం 9, నువ్వుల నూనె 9.5. స్పూన్లతో కొలవొద్దండి, చిన్న డిజిటల్ కాటా తప్పనిసరి, ఎందుకంటే ఇక్కడ ఒక్క గ్రాము తేడాకే బామ్ మారిపోతుంది.

స్టీలు గిన్నెలో మైనాలు రెండూ, ఆముదం వేసి మరిగే నీళ్ళ గిన్నెలో పెట్టండి, నేరుగా మంట మీద మాత్రం వద్దు. పలుకు లేకుండా కరిగాక నువ్వుల నూనె పోయండి, చల్లటి నూనె తగలగానే మైనం తెల్లగా ముక్కలు కడుతుంది, కంగారు పడకండి, కలుపుతూ ఉంటే మళ్ళీ కరిగిపోతుంది. కోకో బటర్ చివర్లో వేసి, అది కరగగానే దించేయండి. గిన్నెలోకి ఒక్క నీటి చుక్క కూడా పడకూడదు, పడితే బూజు పట్టే అవకాశం ఉంది.

పోసే ముందు ఒక చుక్క స్టీలు స్పూన్ వెనక వేసి ఫ్రిజ్‌లో రెండు నిమిషాలు పెట్టి, బయటికి తీసి గది వేడికి వచ్చాక వేలితో రాసి చూడండి. చల్లగా ఉన్నప్పుడే చూస్తే ఉన్నదానికన్నా గట్టిగా అనిపిస్తుంది. మరీ గట్టిగా ఉంటే కాస్త ఆముదం, మెత్తగా ఉంటే అర గ్రాము కాండెలిల్లా వేసి మళ్ళీ కరిగించండి. డబ్బాల్లో పోశాక మధ్యలో గుంట పడుతుంది, మైనం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి, కొంచెం మిగుల్చుకుని వేడి చేసి పైన పోస్తే సరిపోతుంది.

పెదాలకి రాసేముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూడండి. డబ్బా మీద తేదీ రాసుకోండి, నువ్వుల నూనె ముక్క వాసన వస్తే ఇంక పారేయడమే.